పన్నెండో తరగతి: ఏడాదిని పంచుకోవడం

ఢిల్లీలో అశోకా రోడ్డు ఒకటో నంబరంటే తెలుగువాళ్లకి వేరే చిరునామా చెప్పక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్ దగ్గర టోకెన్ పట్టుకుని నిలబడ్డ కుటుంబాల మాటలు కాసేపు చెవిన పడితే చాలు, ఏ ఇంట్లో పన్నెండో తరగతి నడుస్తోందో తెలిసిపోతుంది. పెద్దవాళ్లు కటాఫ్‌ల గురించీ పర్సంటైళ్ల గురించీ మాట్లాడుకుంటుంటారు. పిల్ల అన్నంలో పప్పు కలుపుకుంటూనే టైము చూసుకుంటుంది, నాలుగింటికి కోచింగ్ ఉంది మరి. ఆ పిల్లకి ఏడాది పొడవునా అందరూ ఇచ్చే సలహా ఒకటే: "బోర్డునీ ఎంట్రన్సునీ బ్యాలెన్స్ చేసుకోవాలమ్మా." ఆ మాట వినగానే మనకి త్రాసు గుర్తొస్తుంది. ఒక తట్టలో బడి, ఇంకో తట్టలో రేపటి కాలేజీ. ఉన్న రోజుని రెండు ముక్కలు చేసి చెరో తట్టలో వేయాలి. నా వాదన ఏమిటంటే, అసలు ఆ త్రాసుతో కొలవడమే పొరపాటు. చదవాల్సిన పాఠం ఒకటే, దాన్ని అడిగే పద్ధతులు రెండు. రోజుని ముక్కలు చెయ్యడం మానేసి ఏడాదిని దశలుగా పంచుకుంటే ఈ ఏడు గట్టెక్కడం సాధ్యమే, అదీ నిద్ర పోగొట్టుకోకుండా.

ముందు రోజు లెక్క వేసి చూద్దాం. బడి ఎనిమిదింటి నుంచి రెండింటి దాకా, రానూ పోనూ గంటన్నర. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కోచింగ్, దానికి మెట్రోలో ఇంకో గంటన్నర. ఇల్లు ద్వారకలోనో నోయిడాలోనో ఉంటే ఇంకా ఎక్కువే. స్నానం, తిండి, కాస్త ఊపిరి పీల్చుకోవడం అన్నీ కలిపి మూడు గంటలు. ఇక్కడికే పదహారు గంటలు అయిపోయాయి. మిగిలిన ఎనిమిదింటిలోనే బడి హోంవర్కు, కోచింగ్‌లో ఇచ్చిన షీట్లు, సొంత చదువు, నిద్ర అన్నీ ఇమడాలి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతుంది. ఆ మాట పాటిస్తే సొంత చదువుకి ఒక్క నిమిషం కూడా మిగలదు. కాబట్టి అందరూ నిద్రనే కోస్తారు. పగలు చదివింది జ్ఞాపకంగా స్థిరపడేది ఎక్కువగా నిద్రలోనే అని తెలిసి కూడా అదే చేస్తాం, ఎందుకంటే గడియారంలో కొయ్యడానికి ఇంకేమీ కనిపించదు. దీనికి తోడు ఇంకో నష్టం ఉంది, అది గడియారంలో కూడా కనిపించదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించినట్టు, ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. పొద్దున బడిలో కాంతి, సాయంత్రం కోచింగ్‌లో ఉష్ణగతిశాస్త్రం, రాత్రి హోంవర్కులో విద్యుత్తు అన్నట్టు సాగే రోజులో పిల్లలు ఎన్ని గంటలు పుస్తకం ముందు కూర్చున్నా మనసు నిలకడగా ఉన్న గంటలు తక్కువే.

సరే, పాఠం ఒకటే అనడానికి ఆధారం ఏమిటి? ఢిల్లీ యూనివర్సిటీ సంగతే తీసుకోండి. 2021 దాకా అక్కడ బోర్డు మార్కులే కొలమానం. ఆ ఏడు కొన్ని కాలేజీల్లో కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు దగ్గర నిలిచింది. 2022 నుంచి సీయూఈటీ వచ్చింది. కొత్త ఎంట్రన్స్ అనగానే కొత్త కోచింగ్ వెతికారు చాలామంది. కానీ అందులో సబ్జెక్టు పేపర్లకి సిలబస్ పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. పైగా పన్నెండులో చదివిన సబ్జెక్టుల్లోనే పరీక్ష రాసి ఉండాలన్నది డీయూ షరతు. భాషల పేపర్లు 13 ఉంటే అందులో తెలుగు ఒకటి; 1948లో దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో తెలుగు చదువుకున్న పిల్లలకి ఇది అక్కరకొచ్చే విషయం. అటు సీబీఎస్ఈ కూడా మారింది. 2024-25 నుంచి పన్నెండో తరగతి పేపర్లో సగం ప్రశ్నలు నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడగలరా లేదా అని చూసేవే. బట్టీ పట్టి గట్టెక్కే పరీక్షగా బోర్డు మిగల్లేదు, దానికీ ఎంట్రన్సుకీ మధ్య దూరం తగ్గుతోంది.

ఒక పాఠాన్ని దగ్గరగా చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలో విజయనగరం మీద ఒక అధ్యాయం ఉంది. బోర్డులో ఎనిమిది మార్కుల ప్రశ్న ఇలా రావచ్చు: విజయనగరం తన నీటి అవసరాలు ఎలా తీర్చుకుంది? దానికి తుంగభద్ర లోయ నైసర్గిక స్వరూపం చెప్పాలి, కొండల మీంచి వచ్చే వాగులకు గట్లు కట్టి చెరువులు నింపిన పద్ధతి చెప్పాలి, కమలాపురం చెరువు నీళ్లు పొలాలకే కాక రాజప్రాసాదాల వైపు కూడా వెళ్లాయని చెప్పాలి, హిరియ కాలువ ఎక్కడ మొదలై ఏ పొలాల్ని తడిపిందో రాయాలి. సీయూఈటీలో అదే పాఠం నుంచి రెండు ముక్కల ప్రశ్న వస్తుంది: 1800లో హంపీ శిథిలాల తొలి సర్వే పటం తయారుచేసింది ఎవరు? జవాబు కాలిన్ మెకంజీ, మనకి కైఫియ్యత్తుల మెకంజీగా తెలిసినాయనే. పెద్ద జవాబు సొంతంగా రాయగలిగిన పిల్లకి చిన్న ప్రశ్న ఒక లెక్క కాదు, ఎందుకంటే పేర్లూ ఏళ్లూ ఆ కథలో తమ తమ చోట్ల కూర్చుని ఉంటాయి. ప్రశ్నల బ్యాంకులోంచి వెయ్యి బిట్లు బట్టీ పట్టిన పిల్లకి మాత్రం ఎనిమిది మార్కుల జవాబు రాదు. కాబట్టి ముందుది ఏదో, వెనకది ఏదో స్పష్టమే. విపులంగా రాయడం ముందు, బిట్లు తరవాత.

ఇక ఏడాదిని పంచడం ఎలాగన్నది చూద్దాం. దీనికి క్యాలెండరే సాయం చేస్తుంది. 2025లో తేదీలు ఇలా ఉన్నాయి: జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరి 22 నుంచి 30, బోర్డు పరీక్షలు ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 4, జేఈఈ రెండో విడత ఏప్రిల్ 2 నుంచి 9, నీట్ మే 4, సీయూఈటీ మే 13న మొదలు. తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ వరస సాధారణంగా ఇదే. సీయూఈటీ రాసేవాళ్లకి బోర్డు అయ్యాక అయిదు వారాల పైన చేతిలో ఉంటాయి. ఆ అయిదు వారాల పని ఏప్రిల్ నుంచే రోజుకో గంట చొప్పున చెయ్యడంలో అర్థం లేదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు చివరి దాకా ఒకటే పని పెట్టుకోండి: పాఠం అర్థం చేసుకోవడం, పుస్తకం మూసి దాన్ని మళ్లీ రాయడం. ఈ "పుస్తకం మూసి" అన్నది ముఖ్యం. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో చేసిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి, గుర్తున్నది కాగితం మీద పెట్టారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే మెరుగు. వారం తరవాత అడిగితే వాళ్లకి 42 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నవాళ్లకి 56 శాతం. రంగు పెన్నులతో గీతలు గీస్తూ నాలుగోసారి చదివే పిల్లలకి ఆ రాత్రి అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ప్రీ బోర్డులో తెల్లకాగితం చూశాక గానీ సంగతి తెలియదు.

ఈ మొదటి దశలో ఢిల్లీ పిల్లలు ఒక జాగ్రత్త తీసుకోవాలి, నవంబరుని నమ్ముకోకూడదు. పొగమంచు, కాలుష్యం పెరిగి 2024 నవంబరులో పది, పన్నెండు తరగతులు కూడా ఆన్‌లైన్‌కి మారాయి. ల్యాబులో చెయ్యాల్సిన ప్రాక్టికల్ ఆన్‌లైన్‌లో సరిగ్గా సాగదు. భౌతిక, రసాయన శాస్త్రాల్లో వందకి 30 మార్కులు ప్రాక్టికల్‌వే, అవి జనవరిలో మొదలవుతాయి. కాబట్టి రికార్డులు, ప్రాజెక్టు ఫైళ్లు దసరా, దీపావళి సెలవుల్లో పూర్తి కావాలి. నవంబరు నుంచి బోర్డు దాకా రెండో దశ: మూడు గంటలు కూర్చుని, కాగితం మీద పెన్నుతో, పూర్తి పేపర్లు రాయడం. చాలామందికి మార్కులు పోయేది తెలియక కాదు, చివరి రెండు జవాబులకి టైము చాలక. బోర్డు అయ్యాక మూడో దశ, వేగం. సీయూఈటీలో ఒక్కో పేపరుకి 60 నిమిషాలు, 50 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 72 సెకన్లు. సరైన జవాబుకి 5, తప్పుకి ఒకటి కోత. నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా కాదని తెలిస్తే మిగతా మూడింట్లో ఊహించి పెట్టినా సగటున ఒక మార్కు కలిసొస్తుంది. ఈ లెక్కలూ, కంప్యూటర్ మీద చెయ్యి అలవాటు కావడమూ అయిదు వారాల్లో వచ్చే విద్యలే, వాటి కోసం ఏడాదంతా బలిపెట్టక్కర్లేదు.

"ఇదంతా ఆర్ట్స్, కామర్స్ పిల్లలకి సరిపోతుంది. జేఈఈ, నీట్ సంగతేమిటి? వాటి లోతు వేరు కదా" అని ఇక్కడ ఎవరైనా అడుగుతారు. నిజమే, లోతు వేరు. కానీ ఆ లోతు ఎక్కడ మొదలవుతుందో చూడండి. గాస్ సూత్రం నుంచి, పొడవాటి ఆవేశిత తీగ చుట్టూ విద్యుత్ క్షేత్రం ఎంతో ఉత్పాదించమని బోర్డు అడుగుతుంది, మూడు మార్కులకి. తీగ చుట్టూ స్తూపాకారపు ఊహాతలం ఎందుకు తీసుకున్నామో, దాని రెండు మూతల గుండా అభివాహం ఎందుకు సున్నా అవుతుందో నాలుగు వాక్యాల్లో రాయాలి. జేఈఈ అదే స్తూపాన్ని తీసుకుని తీగ బదులు లావుపాటి ఘన కడ్డీ పెడుతుంది, కడ్డీ లోపల ఒక బిందువు దగ్గర క్షేత్రం అడుగుతుంది. "ఎందుకు" అన్న నాలుగు వాక్యాలు రాయగలిగిన పిల్లకి లోపల చుట్టుకున్న ఆవేశం ఎంతో లెక్కగట్టడమే మిగిలిన పని. సూత్రం మాత్రమే గుర్తుపెట్టుకున్న పిల్ల అదే సూత్రాన్ని లోపలా వాడి తప్పు చేస్తుంది. కాబట్టి జేఈఈ వాళ్లకి మారేది దశల వరసే. వాళ్ల వేగం దశ డిసెంబరులో మొదలై జనవరి చివరి వారంలో మొదటి విడతతో ముగుస్తుంది. ఆ తరవాత బోర్డు దాకా ఉన్న రెండు వారాలు పూర్తిగా రాతకి. ఆ రెండు వారాలు చాలాలంటే మొదటి దశలో ఉత్పాదనలు కాగితం మీద పెట్టి ఉండాలి. రెండో విడత బోర్డు చివరి రోజులకి తగులుతుంది గనక దాన్ని అసలు అవకాశంగా కాక, మెరుగుపరుచుకునే అవకాశంగా చూడటం మంచిది. కోచింగ్ వరసా బడి వరసా కలవకపోతే కోచింగ్‌లో ఏ పాఠం నడుస్తోందో ఆ వారం సొంత చదువు దాని మీదే పెట్టుకుని, బడిలో అదే పాఠం వచ్చినప్పుడు పునశ్చరణగా వాడుకోవాలి. ఇది పిల్లల చేతిలో ఉన్న పనే.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది: ఎంట్రన్స్ ర్యాంకే సీటు ఇస్తున్నప్పుడు బోర్డు మార్కులతో పనేమిటి, పాసైతే చాలదా? చాలదు. జేఈఈ ద్వారా ఎన్ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే జనరల్ అభ్యర్థికి పన్నెండులో 75 శాతం ఉండాలి, లేదా తమ బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో నిలవాలి. డీయూలో ఇద్దరికి సీయూఈటీ స్కోరు సమానమైతే ముందు చూసేది పన్నెండో తరగతిలో మేటి మూడు సబ్జెక్టుల శాతమే. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ మాత్రం దాన్ని తీసేసింది. ర్యాంకు వచ్చి కూడా 75 శాతం లేక సీటు చేజారడం ఎంత నరకమో ఊహించుకోవచ్చు, ఆ ప్రమాదం కొని తెచ్చుకోవడం దేనికి?

ఇక డమ్మీ స్కూళ్లు. పేరు ఒక బడిలో, మనిషి కోచింగ్‌లో. రోజు లెక్క చూసినవాళ్లకి ఇది ఎందుకు ఆశ పెడుతుందో తెలుసు, బడి ఏడున్నర గంటలు ఒక్కసారిగా మిగులుతాయి. కానీ సీబీఎస్ఈ నిబంధన ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి, ఆ బోర్డు ఇప్పుడు ఆకస్మిక తనిఖీలు చేస్తోంది. 2024 నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 బడుల గుర్తింపు రద్దు చేసింది. పన్నెండో తరగతి మధ్యలో బడికి గుర్తింపు పోతే ఆ పిల్లల మనస్థితి ఎలా ఉంటుంది? పైగా బడిలో ఉపాధ్యాయులు రాత జవాబు దిద్ది చూపించే అవకాశం, ల్యాబు, తోటివాళ్లు అన్నీ పోతాయి. రోజులో గంటలు మిగుల్చుకోవడానికి ఏడాదిలో ఒక దశనే పోగొట్టుకోవడం ఇది.

తెలుగు కుటుంబాల్లో దీనికి ఇంకో రూపం ఉంది: పదో తరగతి కాగానే పిల్లని విజయవాడకో హైదరాబాద్‌కో పంపి రెసిడెన్షియల్ కాలేజీలో వేయడం. ఇంటరూ కోచింగూ ఒకే ఆవరణలో జరుగుతాయి, ప్రయాణం ఉండదు, బ్యాలెన్స్ సమస్యే ఉండదు అంటారు. ప్రయాణం తగ్గే మాట నిజం. కానీ ఢిల్లీ బడిని వదులుకుంటే ఏం పోతుందో ముందు లెక్క చూసుకోవాలి. డీటీయూ, ఎన్ఎస్‌యూటీ వంటి ఇక్కడి ఇంజనీరింగ్ యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు ఢిల్లీలోని బడిలో పన్నెండు చదివినవాళ్లకి. ఇల్లు ఢిల్లీలో ఉందా లేదా అన్నది కాదు, బడి ఎక్కడన్నదే లెక్క. అందుకే నోయిడా, గురుగ్రామ్ బడుల పిల్లలు కూడా ఆ కోటాలోకి రారు. ఢిల్లీ మెడికల్ కాలేజీల రాష్ట్ర కోటాకైతే పదకొండు, పన్నెండు రెండూ ఢిల్లీ బడిలోనే అవ్వాలి. అటు తెలుగు రాష్ట్రాల్లో రెండేళ్లు చదివినంత మాత్రాన స్థానికులైపోరు. 85 శాతం స్థానిక సీట్లకి, స్థూలంగా చెప్పాలంటే, అర్హత పరీక్ష అయిన ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. మిగతా 15 శాతానికి తల్లిదండ్రుల్లో ఒకరు ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించినట్టు రుజువు చూపించి పోటీ పడొచ్చు, దానికి పిల్ల ఢిల్లీలో చదివినా ఫర్వాలేదు. అంటే పంపించడం వల్ల ఇక్కడి హక్కు పోయి, అక్కడి హక్కు రాకుండా మిగలొచ్చు. ఇవి తేలాకే పంపాలా వద్దా అన్నది మాట్లాడుకోవాలి.

పిల్ల మనసు సంగతి కూడా ఆ లెక్కలోదే. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ ప్రాణాలు కోల్పోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దన్నది వాటిలో ఒకటి. ఈ అధ్యాయంలో చెప్పిన పద్ధతికి అసలు పరీక్ష ఇక్కడే: వారంలో ఒక పూట పుస్తకం లేకుండా గడవకపోతే, నిద్ర ఏడు గంటలకి దిగితే, ప్రణాళికలోంచి ఏదో ఒకటి తీసెయ్యాలి. తీసెయ్యడానికి తేలికైనవి అదనపు ఎంట్రన్సులు. ఒకటి అసలు లక్ష్యం, ఒకటి తోడు. సిలబస్ వేరే లేదు గనక తోడుగా సీయూఈటీ చాలామందికి సరిపోతుంది. ఏడెనిమిది ఫారాలు నింపడం ధైర్యంలా కనిపిస్తుంది గానీ ఒక్కో ఫారం ఒక ఆదివారాన్ని తినేస్తుంది. దిగులు పట్టుకుని వదలకపోతే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

అమ్మానాన్నలకి ఇందులో పని లేదా అంటే, ఉంది, అది చదివించడం మాత్రం కాదు. తెలుగు రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు నివాస ధ్రువపత్రం కావాలంటే ఢిల్లీలో కూర్చుని తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవడం, ఇవన్నీ డిసెంబరులోపు ఒక ఫైల్లో చేరాలి. జనవరి తరవాత ఈ పనుల్లో ఏదీ పిల్ల చెవిన పడకూడదు. మే నెలలో పరీక్ష రోజు పొద్దున్నే సెంటర్ దాకా తోడు వెళ్లడం ఒక్కటే మిగలాలి, దారిలో మాత్రం కటాఫ్ మాట ఎత్తకండి.